కంపెనీకి మన ఖర్చు ఎంత? ఆ ఖర్చు ఎవరు కట్టాలి?

(ఆదివారం సాయంత్రం సోనాపూర్ క్యాంపులో మాట్లాడిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్లు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాం. తీరిగ్గా చదవండి, రూంలో చదవడం రాని అన్నలుంటే చదివి వినిపించండి.)



నేను దుబాయ్‌కి 2009లో వచ్చిన. స్టీల్ ఫిక్సర్ వీసా. ఏజెంటుకు 80 వేలు కట్టిన, ఊర్లో మూడు రూపాయల మిత్తికి తెచ్చి. నెలకు 2,400 మిత్తే. ఇక్కడ జీతం 700 దిర్హాములు, అప్పుడు దిర్హాం 13 రూపాయల దగ్గర ఉండె, అంటే తొమ్మిది వేలు. తిండికి, ఫోనుకు పోను మిగిలినదాంట్లో సగం మిత్తికే పోయేది. మీలో చాలామందిది ఇదే కథ కాబట్టి ఎక్కువ చెప్పను.

ఆరేళ్లు ఇనుము కట్టినాక నడుం పట్టేసింది. కొంచెం ఇంగ్లీషు, హిందీ రాయడం వచ్చు కాబట్టి ఫోర్‌మన్ నన్ను టైంకీపర్‌గా ఆఫీసు కంటైనర్లో కూర్చోబెట్టాడు. అక్కడ ఒకరోజు అకౌంటెంట్ టేబుల్ మీద ఒక కాగితం చూసిన. ఒక్కో పనివాడి పేరు, పక్కన జీతం, దాని పక్కన ఇంకో అంకె. ఆ రెండో అంకె జీతానికి దగ్గర దగ్గర రెండింతలు ఉంది. నా పేరు పక్కన కూడా. ఇదేంది సార్ అని అడిగిన. "నువ్వు కంపెనీకి పడే అసలు ఖర్చు ఇది" అన్నాడు. ఆ రోజు నాకు కోపమొచ్చింది, నా పేరు మీద ఇంత రాసుకుని నాకు ఇంతే ఇస్తున్నారా అని. తర్వాత ఆ లెక్క నేర్చుకున్నాక కోపం సగం తగ్గింది. మిగిలిన సగం ఎందుకు తగ్గలేదో కూడా చెప్తా.

ముందు ఆ లెక్క చూద్దాం. ఒక మేసన్ అనుకోండి. జీతం 1,200. అందులో బేసిక్ 800, అలవెన్సులు 400. ఇప్పుడు చెప్పేవాటిలో కొన్ని సర్కారు రేట్లు, కొన్ని నేను అందాజుగా వేసినవి. మీ కంపెనీలో వందా రెండొందలు అటూ ఇటూ అవుతాయి.

మొదట వీసా ఖర్చు. లేబర్ మినిస్ట్రీ కంపెనీలను మూడు తరగతులు చేసింది. నియమాలు బాగా పాటించే కంపెనీ మొదటి తరగతి, తప్పులు చేసినవి మూడో తరగతి. రెండేళ్ల వర్క్ పర్మిట్‌కు మొదటి తరగతి కంపెనీ 250 దిర్హాములు కడుతుంది, రెండో తరగతి 1,200, మూడో తరగతి 3,450. అంటే కంపెనీ చేసిన తప్పులకు పర్మిట్ రేటు పెరుగుతుంది. దీని మీద ఎంట్రీ పర్మిట్, మెడికల్, ఎమిరేట్స్ ఐడి, రెసిడెన్సీ, టైపింగ్ సెంటర్ డబ్బులు. జీతం ఎగ్గొడితే పనివాడికి 20,000 దాకా వచ్చే ఇన్సూరెన్సు ఒకటి ఉంది, దానికి కూడా కంపెనీయే మనిషిని బట్టి 137న్నర నుంచి 250 దాకా కట్టాలి. రెండో తరగతి కంపెనీకి ఇవన్నీ కలిపి రెండేళ్లకు 4,800 అనుకుందాం. నెలకు పంచితే 200.

హెల్త్ ఇన్సూరెన్సు దుబాయ్‌లో కంపెనీ చేయించాల్సిందే. ఏడాదికి 720 వేసుకుంటే నెలకు 60. టికెట్టు రెండేళ్లకు 1,200 అనుకుంటే నెలకు 50. క్యాంపులో బెడ్డు 400. సైటుకు బస్సు 100. ఏడాదికి నెల రోజుల సెలవు జీతం, అంటే నెలకు 100. గ్రాట్యుటీ ఏడాదికి 560, నెలకు 47. కూడితే 957. జీతంతో కలిపి 2,157.

మీ చేతికి 1,200. కంపెనీ పుస్తకంలో 2,157. హెల్మెట్టు, బూట్లు, ఆఫీసు కిరాయి, మన కోసం తిరిగే మందూబ్ జీతం ఇందులో ఇంకా వేయలేదు.

కాబట్టి "కంపెనీకి మనం ఊరికే వచ్చినం" అని అనుకోవద్దు. బాసు నిజంగానే పెడుతున్నాడు. దేరాలో చిన్న మెస్సు నడిపే మన తెలుగాయన ఒకరు నా దగ్గర కూర్చుని ఏడ్చినంత పని చేసిండు. వంటమనిషిని ఊరి నుంచి తెప్పించి, వీసా, టికెట్టు, మెడికల్ అన్నీ కట్టి, మూడో నెలలోనే ఆ వంటమనిషి వేరే హోటల్‌కు పోయిండు. ఏడు వేలు పోయినయి అన్నాడు. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు, ఆయనకు అది రెండు నెలల కిరాయి. ఆయన బాధ నిజమే. కానీ చట్టం దానికి కూడా దారి చూపింది. ఆరు నెలల ప్రొబేషన్‌లో పనివాడు ఇక్కడే ఇంకో కంపెనీకి మారితే, మొదటి కంపెనీకి తెచ్చుకున్న ఖర్చు ఇవ్వాల్సింది కొత్త కంపెనీ. పనివాడు నెల ముందు నోటీసు ఇవ్వాలి, అంతే.

ఈ మాట ఇంకోసారి చదవండి. 2021 నాటి 33వ నంబరు చట్టం, 9వ ఆర్టికల్. మనిషి మారినప్పుడు కూడా రిక్రూట్‌మెంట్ ఖర్చు ఒక కంపెనీ ఇంకో కంపెనీకి ఇచ్చుకోవాలి అని ఉంది. దాన్ని మీ మీద అప్పుగా రాయమని లేదు. అదే చట్టం 6వ ఆర్టికల్‌లో ఇంకా సూటిగా ఉంది: పనిలోకి తెచ్చుకున్న ఖర్చును కంపెనీ పనివాడి దగ్గర వసూలు చేయకూడదు, సూటిగా గాని, చుట్టు తిప్పి గాని.

చుట్టు తిప్పి అన్న మాట ఎందుకు పెట్టారో మనకంటే ఎవరికి బాగా తెలుసు? "వీసా రెన్యువల్" అని నెలకు రెండొందలు కోస్తారు. జీతం బ్యాంకులో పూర్తిగా వేసి, సాయంత్రం క్యాంప్ బాస్ వచ్చి చేతిలో వెనక్కి తీసుకుంటాడు. ఇన్సూరెన్సు సగం నీది, సగం మాది అంటారు. ఎమిరేట్స్ ఐడి పోగొట్టుకుంటే దాని ఫీజు మీరు కట్టడం వేరు, మొదటిసారి ఐడికి మీ దగ్గర తీసుకోవడం వేరు. ఒక్కటి మాత్రం మనదే, అది కూడా చెప్పాలి. 2023 నుంచి వచ్చిన ఉద్యోగం పోతే ఇచ్చే ఇన్సూరెన్సు, బేసిక్ 16,000 లోపు ఉన్నవాళ్లకు నెలకు 5 దిర్హాములు. అది పనివాడే కట్టాలి. కట్టకపోతే 400 ఫైను. ఆ 60 దిర్హాముల దగ్గర కంపెనీతో పంచాయితీ పెట్టుకోవద్దు.

ఇప్పుడు కోపం పూర్తిగా ఎందుకు పోలేదో చెప్తా.

జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు, టైల్స్ పని. పేరు వద్దు, కంపెనీ పేరూ వద్దు. మూడేళ్లు చేసిండు. నాయనకు ఆపరేషన్ అని రిజైన్ పెట్టిండు, నోటీసు కూడా పూర్తి చేసిండు. బేసిక్ 700. గ్రాట్యుటీ ఏడాదికి 490 చొప్పున 1,470. వాడని సెలవుకు 700. చివరి నెల జీతం 1,300. మొత్తం 3,470 రావాలి, పైన టికెట్టు. ఆఫీసులో అతని ముందు ఒక షీటు పెట్టిండ్రు. "మధ్యలో పోతున్నవ్, నీ రెన్యువల్‌కు కంపెనీ పెట్టింది 2,900" అని కోసి, చేతిలో 570 పెట్టిండ్రు. "అన్ని బాకీలు ముట్టినయి" అన్న కాగితం మీద సంతకం తీసుకున్నరు. రాత్రికి ఫ్లైటు. తమ్ముడు విమానం ఎక్కేముందు నాకు ఫోను చేసిండు, "అన్నా, వాళ్లు ఖర్చు పెట్టింది నిజమే కదా" అని.

నిజమే. పెట్టింది నిజం. కానీ అది మేసన్‌ను పెట్టుకుని వ్యాపారం చేసేవాడి ఖర్చు. సిమెంటు కొన్నట్టు, క్రేను కిరాయికి తెచ్చినట్టు. బిల్డింగ్ యజమాని దగ్గర కాంట్రాక్టు రేటు చెప్పినప్పుడే ఆ 2,157 లెక్క వేసి, దాని మీద లాభం వేసి రేటు చెప్పి ఉంటారు. అంటే ఆ డబ్బు ఒకసారి క్లయింటు దగ్గర వచ్చింది, రెండోసారి తమ్ముడి హిసాబ్‌లోంచి వచ్చింది. ఆ తమ్ముడి దగ్గర ఆఫర్ లెటర్ కాపీ లేదు, జీతం స్లిప్పులు లేవు. ఇంటికి పోయినాక మేము ఇక్కడ ఏమీ చేయలేకపోయినం. ఆ 570 నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంకో సంగతి, ఆ కాగితం చూసినాక నాకు తెలిసింది. ఓవర్‌టైం. 8 గంటల చొప్పున 26 రోజులు అంటే 208 గంటలు. 2,157ని 208తో భాగిస్తే, మామూలు గంట ఒకటి కంపెనీకి 10 దిర్హాముల 37 ఫిల్స్ పడుతుంది. మరి ఓటీ గంట? చట్టం ప్రకారం బేసిక్ మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. బేసిక్ 800 అంటే రోజుకు 26.67, గంటకు 3.33, దాని మీద పాతిక శాతం కలిపితే 4 దిర్హాముల 17 ఫిల్స్. చూసినారా? ఎక్కువ ఇస్తున్నం అని చెప్పే ఓటీ గంట, కంపెనీకి మామూలు గంటలో సగం కంటే తక్కువ. ఎందుకంటే వీసా, బెడ్డు, బస్సు, ఇన్సూరెన్సు ఖర్చు మామూలు గంటల మీదే అయిపోయింది. ఓటీ గంట మీద జీతం తప్ప ఇంకేం పడదు.

అందుకే సైటులో పని పెరిగితే కొత్త మనిషిని తేవడం మానేసి ఉన్నవాళ్లనే "ఇంకో రెండు గంటలు" అంటారు. తప్పు పట్టడం లేదు, ఎవరైనా అదే చేస్తారు. మనకు కూడా ఓటీ కావాలి, అది లేకుంటే ఇంటికి పంపేదేముంది. కానీ దానికి హద్దు ఉంది. రోజుకు రెండు గంటల కంటే ఎక్కువ ఓటీ చేయించకూడదు, మూడు వారాల్లో మొత్తం పని 144 గంటలు దాటకూడదు. రాత్రి 10 నుంచి తెల్లారి 4 లోపల చేస్తే 50 శాతం కలపాలి, షిఫ్టు డ్యూటీ వాళ్లకు తప్ప. ఓటీ రాసుకోకుండా "అడ్జస్ట్ అవ్వు భాయ్" అంటే, ఆ 4 దిర్హాములు కూడా ఇవ్వకుండా మీ గంట తీసుకుంటున్నారు అని అర్థం. చిన్న నోట్‌బుక్‌లో రోజూ ఎక్కిన టైము, దిగిన టైము రాసుకోండి. నేను టైంకీపర్‌గా ఉన్నప్పుడు ఎవరి దగ్గరైనా నోట్‌బుక్ ఉంటే వాళ్ల గంటలు కోయడానికి పైవాళ్లు భయపడేవాళ్లు. ఇది నేను కళ్లతో చూసిన మాట.

ఆ లెక్కలోనే బేసిక్ సంగతి దాగి ఉంది. ఊర్లో ఏజెంటు "జీతం 1,200" అంటాడు, మనం 1,200 విని సంతోషపడతాం. బేసిక్ ఎంత అని అడగం. గ్రాట్యుటీ లెక్క మొత్తం బేసిక్ మీద. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజులు, తర్వాత ఏడాదికి 30 రోజులు. జీతం 1,200 అనే ఇద్దరు పదేళ్లు చేశారు అనుకోండి. ఒకరి బేసిక్ 1,000, ఇంకొకరిది 600. మొదటివాడికి 8,500 వస్తుంది, రెండోవాడికి 5,100. ఒకే క్యాంపు, ఒకే పని, ఒకే జీతం, 3,400 తేడా. ఓటీలో తేడా దీనికి వేరే. రెన్యువల్ అప్పుడు జీతం పెంచము అంటే, "సరే, అలవెన్సు లోంచి రెండొందలు బేసిక్‌లోకి మార్చండి" అని అడగండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, ఈ నెల వాళ్ల జేబులోంచి ఏం పోదు కదా.

జీతం పెంచమని అడగడానికి కూడా ఈ లెక్క పనికొస్తుంది. మీరు నెలకు 100 పెంచమంటే రెండేళ్లకు కంపెనీకి 2,400. పెంచకపోతే మీరు పోతారు అనుకుందాం. కొత్త మేసన్‌కు ఎంట్రీ పర్మిట్, రెండు టికెట్లు, మిమ్మల్ని క్యాన్సిల్ చేసే ఖర్చు. అవి పక్కన పెట్టినా, కొత్తవాడు చేయి తిరిగేదాకా రెండు నెలలు సగం పనే చేస్తాడు అంటే, ఒక నెల ఖర్చు, 2,157 గాల్లో కలిసినట్టే. అంటే పని నేర్చిన మనిషికి వంద పెంచడమూ, కొత్తవాణ్ని తేవడమూ వాళ్లకు ఇంచుమించు ఒకటే. ఇది హెల్పర్‌కు అంతగా పనిచేయదు, నిజం చెప్పాలి. హెల్పర్ పని రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు, అది కంపెనీకి తెలుసు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, టైల్స్, క్రేన్ ఆపరేటర్, లైసెన్సు ఉన్న డ్రైవర్ వీళ్ల మాటకు బరువుంది. హెల్పర్‌గా వచ్చిన తమ్ముళ్లు ఏదో ఒక పని చేయి తిప్పుకోవాలి అని నేను పోరుపెట్టేది ఇందుకే.

ఆజాద్ వీసా గురించి రెండు మాటలు. ఎవరో కంపెనీ పేరు మీద వీసా కొట్టించి, బయట ఎక్కడైనా పని చేసుకో, ఏడాదికి ఇంత కట్టు అంటారు. పైన చెప్పిన 957 లెక్క చూడండి. ఆజాద్ వీసాలో ఆ మొత్తం మన నెత్తిన. వీసా, బెడ్డు, బస్సు, ఇన్సూరెన్సు, టికెట్టు అన్నీ మనవే, గ్రాట్యుటీ లేదు, సెలవు జీతం లేదు. బయట రోజుకు 80 వస్తున్నయి అని మురిసిపోతాం, ఖర్చులు తీస్తే క్యాంపులో ఉన్న మేసన్ కంటే తక్కువే మిగిలిన నెలలు చాలా ఉంటయి. పైగా వీసా ఉన్న కంపెనీ దగ్గర కాక వేరే దగ్గర పర్మిట్ లేకుండా పని చేయడం నేరం. పట్టుబడితే మనమే ఇబ్బంది పడతాం.

ఊరిలో ఏజెంటు దగ్గర కూడా ఇదే మాట. ఇండియాలో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తన సర్వీసుకు తీసుకోగలిగింది 30 వేలు, పైన జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. లక్షా, లక్షన్నర అంటే అందులో "కంపెనీ వీసాకు పంపాలి" అన్న మాట తప్పకుండా ఉంటుంది. కంపెనీ వీసాకు కంపెనీ కట్టాలి కదా అని అడగండి. మీ తమ్ముడో, బామ్మర్దో వస్తా అంటుంటే ఈ ఒక్క ప్రశ్న నేర్పించండి. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ప్రవాసీ భారతీయ బీమా తప్పకుండా చేయించుకోవాలి, రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు.

ఇండ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారు, కడప, గోదావరి జిల్లాల వాళ్లు. మీకు వేరే చట్టం, 2022 నాటి 9వ నంబరు. లెక్కలు, గంటలు మారతాయి. కానీ తెచ్చుకున్న ఖర్చు మీ దగ్గర వసూలు చేయకూడదన్నది మీకు కూడా ఉంది. మీ సంగతి విడిగా రాయాలి, రాస్తాం.

ఎవరైనా కోత పెడితే ఏం చేయాలి? అరవొద్దు, పని ఆపి కూర్చోవద్దు. ముందు కాగితం అడగండి, ఎందుకు కోశారో రాసి ఇవ్వమనండి. ఈ ఒక్కదానికే సగం మంది వెనక్కి తగ్గుతారు. "హిసాబ్ మొత్తం ముట్టింది" అన్న కాగితం మీద డబ్బు చేతికి, బ్యాంకుకు రాకముందు సంతకం పెట్టొద్దు. ఉద్యోగం అయిపోయిన 14 రోజుల్లో మొత్తం ఇవ్వాలని చట్టం. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, "ఖర్చు కట్టి తీసుకుపో" అనే హక్కు ఎవరికీ లేదు. అప్పటికీ వినకపోతే లేబర్ మినిస్ట్రీకి 80084కు ఫోను చేయండి, హిందీలో మాట్లాడొచ్చు. 50 వేల దిర్హాముల లోపు గొడవ అయితే ఇప్పుడు మినిస్ట్రీయే తీర్పు ఇవ్వొచ్చు, కోర్టు దాకా పోవాల్సిన పని లేదు. మన ఎంబసీ సహాయ కేంద్రం 800 46342, ఫ్రీ నంబరు. విమానం ఎక్కకముందు చేయండి. జగిత్యాల తమ్ముడు ఎయిర్‌పోర్టు నుంచి చేసిండు.

ఆ రోజు మీటింగులో ఒక అన్న లేచి అడిగిండు, ఇదంతా మాట్లాడితే కంపెనీ పంపించేస్తుంది కదా అని. పంపించొచ్చు, అబద్ధం చెప్పను. అందుకే ఒక్కరే పోయి అడగొద్దు అంటున్నా. ఒకే కోత పదిమందికి పడితే పదిమంది కాగితాలు కలిపి చూపిస్తే, పదిమందిని మార్చే ఖర్చు ఎంతో అకౌంటెంట్ లెక్క వేసుకుంటాడు.

వచ్చే ఆదివారం సాయంత్రం అదే రూములో కూర్చుంటాం. ఆఫర్ లెటర్ కాపీ, మూడు నెలల జీతం స్లిప్పులు లేదా బ్యాంకు మెసేజీలు ఫోనులో తెచ్చుకోండి. ఒక్కొక్కరి బేసిక్ చూసి గ్రాట్యుటీ ఎంతైందో లెక్క కట్టి ఇస్తాం. ఆఫర్ లెటర్ లేనివాళ్లు ముందే చెప్పండి, మినిస్ట్రీ యాప్‌లో ఎట్లా తీసుకోవాలో చూపిస్తాం. చార్జర్ ఒకటి ఎవరైనా పట్టుకురండి, పోయినసారి నా ఫోను మధ్యలో ఆగిపోయింది.